హ్యాండిల్ మెడలోని నలభై గుండ్లు

సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశం మూడు వంతులు మబ్బు, గాలి ఆగ్నేయం నుంచి, ఉష్ణోగ్రత ముప్పై ఒక్క డిగ్రీలు, తెల్లవారేలోపు కురిసిన వాన పద్నాలుగు మిల్లీమీటర్లు. వాన లెక్క మా డాబా మీది వర్షమాపకంలో నేను స్వయంగా చూసినది కనుక దానికి పూచీ పడతాను. ఉష్ణోగ్రత మేనకోడలి ఫోను చెప్పినది, దానికి పడను. ముప్పై మూడేళ్ళు మొదట తాలూకా కచేరీలోనూ తరువాత మండల కార్యాలయంలోనూ వర్షపాతం రాసిన చెయ్యి నాది. చూసిన అంకెకూ విన్న అంకెకూ మధ్య గీత గీయకుండా రాయడం నాకు చేతకాదు.

సంవత్సరమూ తేదీ కూడా నా పుస్తకంలో ఉన్నాయి కాని ఇక్కడ రాయను. ఇందులో వచ్చే ఒక మనిషి తాలూకు వాళ్ళు ఇంకా ఈ జిల్లాలోనే ఉన్నారు. మా ఇంటి రాతల వల్ల వాళ్ళకు ఇంతవరకూ జరిగింది చాలు.

ఆ సమయానికి నేనూ మేనకోడలూ నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద ఒక సర్వీసింగు సెంటరు ముందు నిలబడి ఉన్నాం. మా మధ్య నాన్నగారి మోటారు సైకిలు. ఆయన పోయినప్పటి నుంచీ అది వరండాలో గోనెపట్టా కింద ఉంది. మేనకోడలికి పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. కారంపూడి చుట్టుపక్కల పల్లెలు తిరగాలి. కొత్త బండి కొనిస్తానంటే వద్దంది, తాతయ్య బండే కావాలంది. ఇంజను ఎలాగో ఊపిరి తీసుకుంటోంది కాని హ్యాండిల్ ఎడమకు తిరగడం లేదు. రెండు చేతులతో తోస్తే గరగరమని కొంత కదిలి, మధ్యలో పట్టేస్తోంది.

సెంటరులో గాజు తలుపు, గాజు తలుపు మీద "కస్టమర్లకు లోపలికి ప్రవేశం లేదు" అన్న అట్ట. ఆ అట్ట చూడగానే నాకు నమ్మకం పోయింది. లోపల జరిగేది సవ్యమైనదైతే బయటివాళ్ళు చూస్తే ఏమవుతుంది?

మేస్త్రికి నలభై దాటి ఉంటాయి. ముందు చక్రం పైకెత్తించి, హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పి, చెవి ఆనించి విన్నాడు.

“మెడ విప్పాలమ్మా. లోపల బాల్స్ తుప్పు పట్టినయ్.”

“విప్పకుండా కుదరదా?”

“నోరు తెరవకుండా పన్ను పీకమన్నట్టుంది మీరు చెప్పేది.”

“మా నాన్నగారు ఈ మెడ మాత్రం విప్పించవద్దన్నారు. విప్పినప్పుడల్లా రెండు పోతాయన్నారు.”

“రెండు ఏందమ్మా?”

నేను చెప్పేలోపు మేనకోడలు అందుకుంది. “మా తాతయ్య అగ్గిపుల్లలు కూడా లెక్కబెట్టి పెట్టెలో ఏసేవాడన్నా. అత్త ఆయన కూతురు. నువ్వు ఊరికే తల ఊపు, పనైపోద్ది.”

నా షరతులు మూడు. గాజు తలుపుకు లోపల నాకు ఒక స్టూలు వెయ్యాలి. విప్పిన ప్రతి వస్తువూ నా కళ్ళ ముందున్న పళ్ళెంలోనే పడాలి. పాతది ఏదీ నాకు చూపించకుండా బయటికి పోకూడదు. మేస్త్రి విన్నాడు.

“ఇదివరకు పోలీసు డిపార్టుమెంటా అమ్మా మీరు?”

“వర్షపాతం లెక్కలు రాసేదాన్ని.”

“అంటే వానని కూడా అనుమానించారన్నమాట,” అని నవ్వి, స్టూలు తనే తెచ్చి వేశాడు.

పది నలభై అయిదుకు అతను పళ్ళెంలో కిరసనాయిలు పోశాడు. ఆ వాసన ముక్కుకు తగిలిన క్షణాన నేను అక్కడ లేను.

*

నాకు పదేళ్ళు. దసరా సెలవులు. ఆ ఏడు దసరా, రంజాను నెల కలిసి వచ్చాయి.

నాన్నగారు మశూచి టీకాలు వేసే ఉద్యోగి. నూజెండ్ల నుంచి కారంపూడి దాకా ఆయన తిరగని పల్లె లేదు. మొదట సైకిలు మీద, తరువాత ఈ మోటారు సైకిలు మీద తిరిగారు. ఇది మిషను ఆసుపత్రి దొర తన దేశానికి వెళ్ళిపోతూ మా చర్చి పెద్దల ద్వారా నాన్నగారికి అమ్మిన బండి. అమ్మే ముందు దొర డ్రైవరు ఎక్కడో మెడ విప్పించి గ్రీజు పెట్టించాడట. వచ్చిన నాటి నుంచీ హ్యాండిల్ బిగుతు. మలుపు దగ్గర పట్టేసేది. రెండుసార్లు నాన్నగారు టీకాల పెట్టెతో సహా పత్తిచేలో పడ్డారు.

ఆయనకు మనుషుల మీద కంటే గుర్తుల మీద నమ్మకం. బియ్యం డబ్బాలో బియ్యం ఎంతవరకు ఉన్నాయో లోపలి వైపు బొగ్గుతో గీత పెట్టేవారు. పాలు పోసే ఆవిడ పోస్తుంటే గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసేవారు. సీసాల మూతలకు దారం చుట్టి ఎన్ని చుట్లో గుర్తుపెట్టుకునేవారు. అమ్మ విసుక్కునేది. “ఎవరో ఎత్తుకుపోతారని మీరు కాపలా కాస్తారే గాని, ఎత్తుకుపోను ఈ ఇంట్లో ఏముండయి?” అనేది. ఆయన ఇంకో చుట్టు చుట్టేవారు.

ఆ రోజుల్లో మా వైపు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా మోటారు బండిని షెడ్డులో విప్పించడానికి ఇస్తే, బండితో పాటు ఒక మనిషిని కూడా కూర్చోబెట్టి వెళ్ళేవారు. అసలు సామాను తీసి నకిలీది పెడతారన్న భయం ఊరందరిదీ. మా బండి హ్యాండిల్ మెడలో తిరిగే గుండ్లు, అంటే బాల్స్, సీమ నుంచి వచ్చిన ఉక్కు అనీ, వాటిని తీసి మిల్లులకు అమ్ముకుంటారనీ ఆసుపత్రి ఆఫీసులో ఎవరో నాన్నగారి చెవిన వేశారు. సాధారణంగా కాపలాకు బావమరిదినో ముసలాయననో పంపేవారు. మాకు ఆ ఇద్దరూ లేరు. ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చిన నేను ఉన్నాను.

“కన్నార్పగూడదు. ఎన్ని విప్పాడో రాయి, ఎన్ని పెట్టాడో రాయి. ఊహించింది రాయొద్దు, చూసింది రాయి,” అని గీతల నోటు పుస్తకం, చెక్కిన పెన్సిలు చేతిలో పెట్టారు. నా కొలువు ఆ రోజే మొదలయిందని అనుకుంటాను.

షెడ్డు రైలు గేటు అవతల. పైన రేకులు, కింద మాచర్ల నాపరాళ్ళు, అవి నల్లగా నూనె తాగి కాళ్ళకు చల్లగా జారుతూ ఉండేవి. మూల మట్టికుండ. షెడ్డు నిండా కిరసనాయిలు, కాలిన నూనె, రబ్బరు కలిసిన వాసన. సాయంత్రం నాలుగు దాటితే వెనక వీధి నుంచి మసీదు గంజిలో పడే అల్లం, పుదీనా వాసన వచ్చి ఆ వాసనల మీద కూర్చునేది.

మెకానిక్కును ఊరంతా భాయ్ అనేది. పొడుగు, సన్నం, భుజం మీద ఎప్పుడూ నీలి గళ్ళ తువ్వాలు. తల ఎత్తకుండా మాట్లాడేవాడు.

“కాపలాకొచ్చినవా, పాపా?”

“లేదు. రాసుకోవటానికొచ్చినా.”

“అదే లే. యాడ కూసుంటే బాగా కనపడుద్దో ఆడ కూసో. ఎండ పడితే జరుగు.”

మొదటి రోజు మెడ విప్పాడు. చక్రం, దాన్ని పట్టి ఉంచే ముందు కాళ్ళు కిందికి దించగానే గ్రీజుతో నల్లబడిన గుండ్లు టపటపమని పళ్ళెంలో రాలాయి. మెడకు కిందొకటి, పైనొకటి గుండ్లు కూర్చునే గిన్నెలు ఉంటాయి. కిరసనాయిలులో కడిగి, ఏ గిన్నెవి ఆ వరసగా ఒక గుడ్డ మీద పరిచి, “లెక్కబెట్టుకో” అన్నాడు. ఇంటి నుంచి అమ్మ సీతాఫలాలు పంపింది. తిని గింజలు కడిగి దాచుకున్నాను. ఒక్కో గుండుకు ఒక్కో గింజ పక్కన పెడుతూ లెక్కపెట్టాను. కింది గిన్నెవి ఇరవై. పై గిన్నెవి పంతొమ్మిది.

“భాయ్, ఒకటి పోయింది.”

అతను నా ముఖం వైపు చూశాడు. “పాపా, నీ బుగ్గ ఉబ్బిందేంది?”

గుండు నా నోట్లో ఉంది. చల్లగా, నున్నగా, కిరసనాయిలు రుచితో ఉంది. ఎప్పుడు వేసుకున్నానో నాకే తెలియదు. ఉమ్మి తుడిచి గుడ్డ మీద పెట్టాను. నలభై.

“అదీ రాసుకో,” అన్నాడు నవ్వుతూ. “ఒకటి పాప నోట్లో దొరికింది అని.”

అది రాయలేదు. నా జీవితంలో నేను చూసి కూడా రాయని మొదటి అంకె అదే.

మధ్యాహ్నం నేను ఒక సీతాఫలం అతనికి ఇచ్చాను. “రోజా, పాపా. పొద్దున్నించీ మంచినీళ్ళు గూడ ముట్టం. పొద్దుగూకినాక తింటా,” అని దాన్ని పానాలు పెట్టుకునే బల్ల మీద, ఎండ తగలని చోట పెట్టుకున్నాడు. మరునాడు పొద్దున వచ్చేసరికి గింజలు మాత్రం కాగితంలో చుట్టి నా స్టూలు మీద ఉన్నాయి. “లెక్కకు పనికొస్తయ్ గదా,” అన్నాడు. ముప్పై ఏడు ఉన్నాయి. అది కూడా రాసుకున్నాను.

రెండో రోజు ఇంజను తల విప్పి బొగ్గు గీకాడు. గొలుసు నూనెలో కాగబెట్టాడు. అతను చూడనప్పుడు నేను డబ్బాలోంచి కాస్త గ్రీజు కాజేసి మా పెరటి ఉయ్యాల కొక్కేనికి పూశాను. ఉయ్యాల చప్పుడు మానేసింది. ఆ చప్పుడు లేకపోయేసరికి అమ్మకు అనుమానం వచ్చి నా గోళ్ళు చూసింది.

మూడో రోజు మెడ బిగించాడు. కింది గిన్నెలో గ్రీజు రాసి గుండ్లు ఒక్కొక్కటే పేర్చాడు. పంతొమ్మిదితో ఆపాడు. పై గిన్నెలోనూ పంతొమ్మిదితో ఆపి బిగించేశాడు. మిగిలిన రెండింటినీ తువ్వాలుతో తుడిచి గుడ్డ మీద పక్కన పెట్టాడు. నా చేతిలో సీతాఫలం గింజలు రెండు మిగిలాయి. పుస్తకంలో “విప్పినవి 40, పెట్టినవి 38, తేడా 2” అని రాసి కింద రెండు గీతలు గీశాను.

నాలుగు గంటలకు నాన్నగారు వచ్చారు. బండి వైపు చూడలేదు. పుస్తకం చూశారు.

“భాయ్. రెండు తక్కువైనయ్యేంది?”

“మిగిలినయ్ సార్. ఇయ్యిగో గుడ్డ మీదనే ఉండయి. తీసుకెళ్ళండి. నిండా పోస్తే ఒకదాన్నొకటి తోసుకుంటయ్, తిరగవు. గిన్నెకు ఒకదాని జాగా వదలాల. దొర డ్రైవరు యాడ పోయించాడో గాని నిండా పోయించాడు. మీ బండి జబ్బే అది.”

“గిన్నెలో ఎన్ని పడతయ్?”

“ఇరవై పడతయ్.”

“ఇరవై పట్టే దాంట్లో పంతొమ్మిది ఏంది? బస్సులో నలభై సీట్లుంటే ముప్పై ఎనిమిది మందినే ఎక్కిస్తాడా?”

“బస్సులో మనుషులు కూసుంటరు సార్. ఇయ్యి తిరగాల గదా.”

పక్కన సైకిలుకు గాలి కొట్టించుకుంటున్న ఇద్దరు నవ్వారు. ఆ నవ్వే పని చెడగొట్టిందని ఇప్పుడు అనుకుంటున్నాను. నాన్నగారి చెవులు ఎర్రబడ్డాయి.

“ఇయ్యాళ నా చేతిలో పెడతావు. రేపు అయి సీమవో కాదో నాకేం తెలుసు? నా బండిలో నలభై ఉన్నయ్. నలభై పెట్టు. లేకపోతే నేను తీసుకుపోను. ఆసుపత్రి జీపు గూడ నీ దగ్గిరికి రాకుండా చెప్తా.”

“పడతారు సార్. మలుపులో పడతారు.”

“నా పడటం నేను పడతా. నలభై పెట్టు.”

భాయ్ గుడ్డ మీది రెండు గుండ్లూ చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ మెడ విప్పాడు.

“లెక్కబెట్టు పాపా, గట్టిగా.”

ఒకటి, రెండు అని నేను గట్టిగా లెక్కపెట్టాను. కింది గిన్నెలో ఇరవై. పై గిన్నెలో ఇరవై. నాన్నగారు విన్నారు, తల ఊపారు, బయటికి వెళ్ళి సైకిలు వాళ్ళతో నిలబడ్డారు. “38” కొట్టేసి “40” రాశాను.

“పాపా, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు.”

కుండ దాకా పదకొండు అడుగులు, తిరిగి పదకొండు. గ్లాసు నింపుకుని వచ్చేసరికి ముందు కాళ్ళు పైకి ఎక్కి ఉన్నాయి, పై నట్టు బిగించి ఉంది. అతని కుడి పిడికిలి మూసి ఉంది. గ్లాసు నాపరాయి మీద పెట్టమన్నాడు. తాగలేదు. భుజం మీది తువ్వాలు తీసుకుని బండి కింద దూరి, పడుకుని ఏదో తుడిచాడు. లేచినప్పుడు పిడికిలి విప్పి ఉంది, చేతిలో ఏమీ లేదు.

నేను రాసుకున్నది ఇది. “నీళ్ళు అడిగాడు. తాగలేదు. కుడి పిడికిలి మూసి ఉంది. తరువాత తెరిచి ఉంది.”

నాన్నగారు ఎక్కి హ్యాండిల్ తిప్పారు. గాలిలో విసనకర్రలా తిరిగింది. ఆయన ముఖంలో గెలుపు కనిపించింది. “చూశావా, నలభైతోనే తిరిగింది. తిరగదన్నావు.”

“నలభై మీ బండిలోనే ఉండయి సార్. ఒక్కటి గూడ బయట లేదు. రోజా ఉండి చెప్తున్నా.”

అప్పుడే చెప్పి ఉండవచ్చు. నేను చెప్పలేదు. పిడికిలిని చూశాను గాని పిడికిలిలోని దాన్ని చూడలేదు. ఊహించింది రాయకూడదన్న నియమం నన్ను రైలు గేటు దాకా ఆపింది. గేటు పడి ఉంది. గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడుతూ ఉండగా నాన్నగారు పుస్తకం అడిగి చదివారు.

“నీళ్ళు తాగలేదా?”

“లేదు నాన్నా. రోజా గదా.”

“రోజా ఉన్నోడికి నీళ్ళెందుకు? నిన్ను లేపటానికి. రెండు లాగేశాడు.”

“ఎనక్కి పోదామా?”

“పోతే దొరుకుతయ్యా? ఈపాటికి యాడ దాచాడో. ఇంక మెడ విప్పించేది లేదు. విప్పినప్పుడల్లా రెండు పోతయ్.”

రెండు తీసినందువల్లనే హ్యాండిల్ తిరుగుతోందేమో అన్న మాట ఆయనకు తట్టలేదు. నలభైతో తిరిగింది కనుక భాయ్ అబద్ధాలకోరు, రెండు పోయాయి కనుక భాయ్ దొంగ. ఈ రెండూ ఒకేసారి నిజం కాజాలవు. ఆ సంగతి నాకు తట్టడానికి ఎన్నేళ్ళు పట్టిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నాన్నగారు ఆ పుస్తకం తెరిచి చూపించారు. సోమవారం ఆసుపత్రి ఆఫీసులో చూపించారు. ఆయన ఒక్క మాట కూడా కల్పించలేదు. “పదేళ్ళ పిల్ల రాసింది. చూసింది చూసినట్టు రాసింది,” అన్నారు. నా గుండ్రటి అక్షరాలను పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. ఒక టీచరమ్మ నా తల నిమిరింది. అమ్మ మాత్రం ఇంట్లో, “రోజా ఉన్న మనిషి మాట గదండీ,” అంది. “రోజా ఉన్నాడు గాబట్టే ఇంకా తప్పు,” అన్నారు నాన్నగారు.

ఆసుపత్రి జీపు ఆ షెడ్డుకు రావడం మానేసింది. జీపు మానేస్తే ఆఫీసరు బండి మానేసింది, దాని వెనక మిగతావి మానేశాయి. మరుసటి దసరాకు ఆ షెడ్డులో కట్టెలు పేర్చి ఉన్నాయి. భాయ్ మాచర్ల వైపు వెళ్ళాడన్నారు. నాన్నగారు ఆ తరువాత ఆ బండి మీద ఇరవై ఆరేళ్ళు తిరిగారు. ఒక్కసారి కూడా పడలేదు.

ఉద్యోగంలో చేరాక నేను ఒకసారి మాచర్ల బస్టాండులో దిగాను. పగలు రెండున్నర, వాన లేదు. గోడ పక్కన ఒక ముసలాయన సైకిలు ట్యూబును నీళ్ళ బొచ్చెలో ముంచి బుడగలు చూస్తున్నాడు. భుజం మీద నీలి గళ్ళ తువ్వాలు. ఇంజన్లు విప్పిన చెయ్యి పంక్చర్లు వేస్తోంది. నేను పక్కకు తప్పుకోబోయాను. ఆయనే గుర్తుపట్టాడు.

“రాసుకునే పాపవు గదా?”

“అవును.”

“నాయన బాగుండాడా? హ్యాండిల్ బాగా తిరుగుతుందా?”

“తిరుగుతుంది.”

“పడలేదు గదా ఎప్పుడూ?”

“పడలేదు.”

“చాలు,” అని ట్యూబు ఇంకో చోట ముంచాడు.

అడగవలసింది అప్పుడు అడగలేదు. ఆ ‘చాలు’లో ఎగతాళి ఉందా, తప్పించుకున్నానన్న నిశ్చింత ఉందా అని బస్సులో కారంపూడి దాకా ఆలోచించాను. ఎగతాళే అని తేల్చుకున్నాను. తరువాత ఆయన పోయాడని విన్నాను. అది విన్న సంగతి, చూసినది కాదు.

*

పదకొండు గంటల ఐదు నిమిషాలకు సెంటరులో మేస్త్రి ముందు కాళ్ళు కిందికి దించాడు. గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. గుండ్లు రాలలేదు, స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటే ఊడదీసి పళ్ళెంలో వేశాడు. ఆ నోటు పుస్తకం నా చేతిసంచిలో ఉంది. దాన్ని ఒళ్ళో తెరిచి పెట్టుకున్నాను.

కింది గిన్నెలో పంతొమ్మిది.

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. మేనకోడలు చూసి, “అత్తా, నీళ్ళు తాగుతావా?” అంది.

“నీళ్ళ పేరు ఎత్తకు,” అన్నాను.

పై గిన్నెలోనూ పంతొమ్మిది. పళ్ళెంలోనివి రెండు చేతులతో వెతికాను, నేల మీద చూశాను, స్టూలు దిగి బల్ల కింద కూడా చూశాను. మేస్త్రి ఓపికగా పక్కకు జరిగాడు.

“ఏం పోయిందమ్మా?”

“నలభై ఉండాలి.”

“నలభై ఎట్టా ఉంటయ్? పంతొమ్మిది, పంతొమ్మిదే వీటికి. ఇరవై పోస్తే పట్టేస్తది. మలుపులో తిరక్కపోతే మనిషి పోతాడు. మీ పాత మేస్త్రి ఎవరో గాని చానా పద్ధతిగా పెట్టాడు.”

అయితే నాన్నగారి మాట నిజమే. భాయ్ రెండు తీశాడు. ఆయన ప్రాణం కోసమే తీశాడు, అది ఇప్పుడు అర్థమైంది. కాని తీసినవి తీసినవే. ‘నలభై మీ బండిలోనే ఉండయి’ అని రోజా మీద చెప్పిన మాట అబద్ధమే. ఇంటికి తిరిగి ఇవ్వవలసిన రెండూ ఇవ్వలేదు. ఇంత మేలు చేసిన మనిషి కూడా చివరికి రెండు గుండ్ల దగ్గర జారాడు కదా అన్న చేదు నాలుక మీదికి వచ్చింది. ఆ చేదుతో పన్నెండు నిమిషాలు కూర్చున్నాను. గోడ గడియారం చూసి చెబుతున్నాను.

పదకొండూ ముప్పై ఒకటికి మేస్త్రి ముందు కాళ్ళను బల్ల మీద పడుకోబెట్టి, మధ్యనున్న గొట్టాన్ని కింది వైపు నుంచి చూశాడు. హ్యాండిల్ మెడలో దూరి తిరిగే గొట్టం అది. లోపల బోలుగా ఉంటుంది.

“ఇందులో ఎవరో ఏదో కుక్కినారే.”

“మట్టేమో,” అంది మేనకోడలు.

“మట్టి కాదు, గుడ్డ. దీంట్లో గుడ్డ పెట్టాల్సిన పనేం లేదే.”

పొడుగు కమ్మీతో పైనుంచి పొడిచాడు. మూడో పోటుకు నల్లటి ముద్ద ఒకటి కిందికి వచ్చి బల్ల మీద పడింది. గ్రీజు పట్టి రాయిలా ఉంది. అందులో ఏదో టక్కుమంది. మేస్త్రి దాన్ని కిరసనాయిలులో నానేసి వేళ్ళతో పిసికాడు. నలుపు వదిలిన చోట గళ్ళు కనిపించాయి. నీలి గళ్ళు. తువ్వాలు నుంచి చించిన ముక్క. దాని కొసకు గట్టి ముడి వేసి ఉంది. రెండు ముళ్ళు, ఒకదాని మీద ఒకటి, ఊడిపోకుండా.

“విప్పనా అమ్మా?”

“నేను విప్పుతాను.”

వేళ్ళతో రాలేదు. పళ్ళతో లాగాను. మేనకోడలు “అత్తా, ఛీ” అంది. కిరసనాయిలు రుచి తెలిసిందే. ముడిలో నుంచి గుండ్లు నా అరచేతిలోకి జారాయి. గిన్నెల్లోవి తుప్పుతో గుంటలు పడ్డాయి. ఇవి మాత్రం, గ్రీజు గుడ్డలో ఉన్నందువల్ల కాబోలు, నేను నోట్లో వేసుకున్ననాటి లాగే నున్నగా ఉన్నాయి.

“ఇదేందత్తా? ఎవరు పెట్టారు? ఎందుకు?”

చెప్పాను. నిలబడి, మొదటి నుంచి చెప్పాను. మేస్త్రి పానా కింద పెట్టి విన్నాడు.

“ఆయన తాలూకు వాళ్ళు ఉండారా అమ్మా?” అన్నాడు.

“మాచర్లలో ఉన్నారని విన్నాను.”

“విన్నది రాసుకోరు గదా మీరు. పోయి చూడండి.”

కొత్త గుండ్లు నా కళ్ళ ముందే పెట్టాడు. గట్టిగా లెక్కపెట్టాను, గిన్నెకు పంతొమ్మిదితో ఆపమని నేనే చెప్పాను. హ్యాండిల్ తిరిగింది. ఆ తరువాత నా పాత పుస్తకం తీసి, “38” కొట్టేసి రాసిన “40” కింద, ఆనాటి పేజీలోనే మిగిలిన జాగాలో ఈనాటి లెక్క రాశాను. ఆనాడు ఆ పేజీ చదివి మెచ్చుకున్న వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. భాయ్ కొడుకో, కూతురో, మనవడో ఒకరు ఉంటే చాలు. బుధవారం పొద్దున ఏడూ పదికి మాచర్ల బస్సు ఉంది. పుస్తకమూ గుడ్డా తీసుకుని దానికి వెళుతున్నాను.

కింది గిన్నెలో పంతొమ్మిది. పై గిన్నెలో పంతొమ్మిది. గుడ్డ ముడిలో రెండు. మూడుసార్లు లెక్కపెట్టాను, నోట్లో ఏమీ లేదని చూసుకుని మరీ లెక్కపెట్టాను. మొత్తం నలభై.